పూసల వరుసలో గుండీ

నన్ను కన్న అవ్వది మతిమరుపు జబ్బని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకేమీ అనిపించలేదు. బాపు పోయి అప్పటికి మూడు నెలలు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. సమాధి దగ్గర అందరూ ఏడుస్తుంటే నేను వచ్చినవాళ్లకు టీ గ్లాసులు సరిపోతాయో లేదో చూసుకుంటున్నాను. ‘రాయి’ అన్నది మా మేనత్త. రాయే అనుకోండి.

"చేతికేదైనా పని ఉంటే మనసు కొంత నిలబడుతుంది. పూసలో గవ్వలో ఏవైనా గుర్తులుగా కట్టి చూడండి" అన్నది డాక్టరమ్మ. నేను పనిచేసేది జమ్మికుంటలో ఒక ఫ్యాన్సీ షాపులో. పూసలకు కొదవా? ఎలాస్టిక్ దారానికి మూడు గుచ్చి అవ్వ మణికట్టుకు కట్టాను. పెద్ద చెక్కపూస పొద్దుటి మందుగోలీకి. నున్నటి కుంకుడు గింజ స్టవ్ బందు చేయడానికి. పలకల గాజుపూస తలుపు గొళ్లేనికి. కళ్లతో పనిలేకుండా వేలికే తెలియాలి. వారం రోజులు ఆమె వేలు పట్టుకుని, చిన్నపిల్లకు ఓనమాలు దిద్దించినట్టు ఒక్కొక్కటే చెప్పించాను.

మేనత్త చూసి మూతి ముడిచింది. "చర్చికి పోయేటోళ్లం, మనకు గీ జపమాలేందే?"

"జపమాల గాదత్తా, గ్యాసుమాల" అన్నాను. ఆమె నవ్వలేదు.

పూసలు బాగానే పనిచేశాయి. కానీ అసలు భయం స్టవ్‌తో కాదు. సాయంత్రమైతే చాలు, అవ్వ బాపుకు ఎదురుపోతానని రోడ్డెక్కేది. బాపు పత్తి మార్కెట్లో హమాలీ, బతికున్నన్నాళ్లూ ఆ వేళకు ఆ దారినే వచ్చేవాడు. పత్తి లారీలు తిరిగే రోడ్డు అది. రెండుసార్లు లారీవాళ్లే బ్రేకు కొట్టి, తిట్టి, ఇంటికి తెచ్చి దిగబెట్టారు. మూడోసారి ఎవరు కొడతారు బ్రేకు? తాళం వేసి మనిషిని కట్టేసినట్టు ఉంచడం నాకిష్టం లేదు. అందుకని బాపు తెల్ల అంగీ నుంచి ఒక గుండీ కోసి నాలుగోదిగా గుచ్చాను. అది వేలికి తగిలితే బాపు లేడని గుర్తు, రోడ్డు మీదికి పోవద్దని గుర్తు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి సాయంత్రం అవ్వ గుమ్మంలో ఆగి గుండీ తడిమింది.

"ఇదేంది బిడ్డా?"

"బాపు గుండీ. బాపు ప్రభువు దగ్గరికి పోయిండు గదనే అవ్వా."

"ఎప్పుడు?" అన్నది. "నాకెవ్వలు చెప్పలేదేంది?"

అక్కడే కూలబడి, బాపు ఆ రోజే పోయినట్టు ఏడ్చింది. రోడ్డు మీదికి మాత్రం పోలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజూ సాయంత్రం నేనే బాపును చంపేదాన్ని, తర్వాత ఆమెకు అన్నం కలిపి పెట్టేదాన్ని. నా కంట్లో తడి లేదు. కూరలో ఉప్పు తక్కువైందని తెలిసేది, అంతే.

పదకొండో రోజు పొద్దున ఆమె నిద్రలో ఉండగా దారం విప్పి, గుండీ తీసేసి, మళ్లీ ముడివేశాను. ఇక బయటి తలుపుకు తాళమే గతి అనుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ మంచం మీద కూర్చుని పూసలు తడిమింది. చెక్క. గింజ. గాజు. తర్వాత వేలు ముడి దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి తడిమింది. మళ్లీ అక్కడే ఆగింది.

"గుండీ ఊడింది బిడ్డా. మీ బాపు అచ్చే యాళ్లయింది. పొద్దుగాల ఏం తొడుక్కొని పోతడు? జర ఎతుకు."

గుండీ నా కొంగు ముడిలోనే ఉంది. అయినా వంగి, మంచం కిందికి సగం దూరి, చేత్తో నేలంతా వెతికాను. పైనుంచి అవ్వ చెయ్యి నా వీపు మీద పడింది.

"పరేషాన్ గాకు, దొరుకుతది. దొరక్కపోతే మీ బాపుకు నేను జెప్త. నిన్నేమనడు."

బాపు పోయాక నేను మొదటిసారి ఏడ్చింది ఆ మంచం కిందనే.