తరుగు తీసిన లెక్క

రాజాంలో ధాన్యం కొట్టు దగ్గర కాటా వేసేవాణ్ణి. బడికి వెళ్లింది తక్కువ, లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. తడి ధాన్యం వస్తే బస్తాకింత అని తరుగు తీసి రాయడం మా పద్ధతి. ఆ తరుగు తీయడంలో నా మాటకు ఎదురుండేది కాదు.

పందొమ్మిదివందల అరవైల చివర్లో మా చెల్లెలి కూతురికి చెవి వెనక చీముగడ్డ లేచింది. ఏడేళ్ల పిల్ల. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగడుగులు పరుగెత్తితే పెదాలు నీలంగా మారి, గొంతుక్కూర్చుని రొప్పేది. అలా అయినప్పుడల్లా గోడమీది క్యాలెండరులో ఒక గీత పెట్టేవాణ్ణి.

"గీతలెట్టుకుంటూ కూకుంటావేటి అన్నియ్యా, పిల్లేటి ధాన్యం బస్తా?" అనేది చెల్లి.

ఆ నెలలో గీతలు పదకొండు.

గడ్డ కోయించడానికి తీసుకెళ్తే, పెద్దాసుపత్రిలో మత్తు ఇచ్చే డాక్టరమ్మ అడిగింది. "నెలకి ఎన్నిసార్లు ఇలా నీలమవుతుంది?"

ఎక్కువ చెబితే తిప్పి పంపేస్తారని భయం. అంతకుముందు ఒక చోట పంపేశారు కూడా. ఏడ్చినప్పుడు వచ్చినవి తీసేశాను. ఆటలో వచ్చినవి తీసేశాను. అబద్ధమాడుతున్నానని అనిపించలేదు.

"మూడమ్మా" అన్నాను.

ముసుగులోంచి మత్తు ఆవిరి పీలుస్తుండగానే పిల్ల నల్లబడిపోయిందట, నాడి దొరకలేదట. కత్తి పెట్టకుండానే ఆపేసి, ఆక్సిజన్ పెట్టి దక్కించారు. డాక్టరమ్మ బయటికొచ్చింది. చెల్లి అప్పుడు పాలకి వెళ్లింది.

"ఇలాంటి గుండెకి ఈ ఆవిరి ఎక్కువైతే రక్తపోటు పడిపోతుంది, చెడ్డ రక్తం ఒంటికి ఎక్కుతుంది. మూడే అన్నావని మామూలుగా ఇచ్చాను. నిజం చెప్పు, ఎన్ని?"

"పదకొండమ్మా. తరుగు తీసి సెప్పాను."

"నువ్వు తీసేసిన ఎనిమిదే నాక్కావలసింది" అంది. తిట్టలేదు.

మూడు రోజులాగి, వేరే మందు కలిపి, ఆవిరి కొద్దికొద్దిగా ఇస్తూ గడ్డ కోశారు. పిల్ల కళ్లు తెరిచి, "మావా, మూతికి ఆ గిన్నె మల్లీ ఎట్టొద్దని సెప్పు" అంది.

"మా అన్నియ్య గీతలెట్టబట్టే డాట్రమ్మకి తెలిసినాది, లేపోతే ఏటయ్యేదో!" అని చెల్లి వార్డంతా తిరిగి చెప్పింది.

"ఊరుకోయే" అన్నాను.

ఇంటికొచ్చి క్యాలెండరులో పన్నెండో గీత పెట్టాను. అది నా వల్ల వచ్చిందని చెల్లికి నేటికీ చెప్పలేదు.