మూడు షిఫ్టుల గుల్మొహర్

పాఠక మహాశయులు నన్ను క్షమించాలి. స్మృతి వ్యాసం రాయడానికి కావలసిన గాంభీర్యం, భాషా పటిమ, అనుభవం నా దగ్గర లేవు. ఉన్నదల్లా బీఎస్సీ బోటనీ పట్టా. మహారాష్ట్ర చంద్రపూర్‌లోని బాబుపేట్‌లో మా పక్కింటి తాత పోయిన సోమవారం కన్నుమూశాడు. తెలంగాణ నుంచి వచ్చి జీవితమంతా బొగ్గుబావిలో దిగి, రిటైరయ్యాక జానెడు వాకిలి కోసం అవ్వతో యుద్ధం చేసిన వీరుడాయన.

ఆ వాకిట్లో తాతకు గుల్మొహర్, అంటే తురాయి చెట్టు కావాలి. అవ్వకు గడ్డి గులాబీలు కావాలి. అవి నేలంతా పరుచుకుని, ఎండ పడితేనే విచ్చుకుంటాయి. చెట్టు నీడ పడిందా, పూయవు. అంటే ఎవరో ఒకరు ఓడాలి.

మరాఠీ పొరుగువాళ్లు ఆ పూలను ‘ఆఫీస్ టైమ్’ అంటారు. తాతకు అది చాలు.

“పదింటికొస్తయ్, రెండింటికి బంద్. గివి పూలా, ఆఫీసర్లా? నా చెట్టు మూడు షిఫ్టులు నీడిస్తది.”

“నైట్ షిఫ్టుల నీడ ఎవలికయ్యా?” అనేది అవ్వ.

“నువ్వు చెప్పురా బోటనీ, ఏది మంచిది?” అన్నాడు తాత నాతో.

శాస్త్రప్రకారం చెప్పాను. చెట్టు పూయడానికి ఏళ్లు పడతాయి, గడ్డి గులాబీ నెలకే పూస్తుంది. కాకపోతే చంద్రపూర్ మే నెలలో పూల కింద కూర్చోలేం.

“అంటే?”

“ఇద్దరిదీ రైటే తాతా.”

“నీ సదువు మీద మన్నుబొయ్య!” అన్నారిద్దరూ. వాళ్లు ఒక్కమాట మీదికి రావడం నేను చూసింది అప్పుడే.

తాత మొక్క నాటనే నాటాడు, అవ్వ దాని చుట్టూ తన పూలు పెట్టింది. అది మనిషెత్తు పెరిగేసరికి అవ్వ పూలు ముడుచుకోసాగాయి. ఆయన భద్రావతిలో కూతురింటికి వెళ్లి వచ్చేసరికి చెట్టుకు కొన లేదు. తాత అన్నం ముట్టలేదు.

“మేక తిన్నట్టుంది తాతా,” అన్నాను.

“గంత ఎత్తుకా?”

“వెనక కాళ్ల మీద నిలబడి ఉంటది.”

గల్లీలో ఉన్న ఒక్కగానొక్క మేక వారంపాటు తిట్లు తిన్నది.

వానలు పడ్డాక, తెగినచోటు నుంచి నాలుగు కొమ్మలు లేచి, చెట్టు గొడుగులా విచ్చుకుంది. తాత మేకను పిలిచి భాకరీ రొట్టె పెట్టాడు. “నీకున్న తెలివి బోటనీకి లేదు బిడ్డా.”

అవ్వ తన పూలను గోడ మీది డబ్బాల్లోకి మార్చింది. అక్కడ ఎండ పుష్కలం. వాటికి రోజూ నీళ్లు పోసింది తాతే. “ఆఫీసర్లకు చాయ్ టైమైంది,” అనేవాడు.

సోమవారం ఆయన్ను ఆ చెట్టు కిందే పడుకోబెట్టారు. వచ్చినవాళ్లంతా నీడలోనే నిలబడ్డారు. అవ్వ మాత్రం లేచి, గోడ మీది డబ్బాలకు నీళ్లు పోసి వచ్చి కూర్చుంది.

తాతా, ఆ కొన మేక తినలేదు. అవ్వ కోయమని అడగనూ లేదు. వాడిన పూల ముందు ఆమె అలా కూర్చుంటే చూడలేక, కొడవలితో నేనే కోశాను.