నేను ఆలోచించుకునేదాకా

అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో మా కొట్లో వలలు, గేలాలు, నైలాన్ తాళ్ళు అమ్ముతాం. బేరాల్లేనప్పుడు ఫోన్లో నేను ఆడేది ఒక్కటే ఆట. నలుగురు యోధుల్ని వెంటేసుకుని రాజ్యాలు తిరగాలి. యుద్ధమొస్తే ఒకసారి మన వంతు, ఒకసారి శత్రువు వంతు. ఇక్కడి నెట్‌కి పరిగెత్తి కాల్చే ఆటలు పనికిరావు, తుపాకీ ఎత్తేలోపే చచ్చి ఉంటాం. ఇదైతే నెట్ లేకపోయినా నడుస్తుంది.

వైజాగ్‌లో ఉండే మా మేనత్త కొడుక్కి ఆటల మీద వీడియోలు చేసే చానెల్ ఉంది. "ఆ వంతుల ఆట ఎలా ఉందే?" అని అడిగాడు. నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చినంత రాయడం రాదు, చదువంతా హిందీలోనే అయింది. అందుకని వాయిస్ మెసేజ్ పెట్టాను.

"బావా, అందరూ దీన్ని బోర్ అంటారు. శత్రువు బొమ్మలా నిలబడిపోతాడేంటని వెక్కిరిస్తారు. అరే, అదే కదా మజా! నేను ఆలోచించుకునేదాకా అంత పెద్ద రాక్షసుడూ నోరు మూసుకుని నిలబడాలి. బయట మనకోసం అలా ఎవడాగుతాడు చెప్పు? బేరగాడు ఆగడు, ఫెర్రీ ఆగదు."

కొన్నాళ్ళకి వీడియో వచ్చింది. నా మాటలే, పొల్లు పోకుండా. ఫెర్రీతో సహా! వైజాగ్‌లో కూర్చున్నవాడికి ఫెర్రీ ఎక్కడిదిరా అని ఒక్కడు అడిగితే ఒట్టు. కిందంతా "ఏం చెప్పావన్నా", "కళ్ళు తెరిపించావన్నా". నా ఊసే లేదు. ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

"మరదలు చెప్పిందని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది బావా?"

"ఏటే, ఆడపిల్ల చెప్పిందంటే ఎవడైనా వింటాడా? అది సరే గానీ, చివరి యుద్ధం సంగతి కూడా చెప్పెయ్" అన్నాడు.

చెప్పాను. గొంతులో తేనె పూసుకుని చెప్పాను. వీడు ఆట తెరిచి కూడా చూడలేదని అప్పటికే తెలిసిపోయింది. "మన నలుగురిలో వైద్యం చేసే ముసలమ్మ ఉంటుంది కదా బావా, చివర్లో ఆవిడచేత ఒక్క దెబ్బా కొట్టించకుండా నెగ్గితే సముద్రం అడుగున ఇంకో రాజ్యం తెరుచుకుంటుంది. ఎవరికీ తెలీదు." అంతా అబద్ధం. ఆ ఆటలో సముద్రమే లేదు.

మహానుభావుడు దాన్ని "నేనొక్కడినే కనిపెట్టిన రహస్యం" అని పెట్టాడు. పాపం జనం ముసలమ్మను ఊరికే నిలబెట్టి ఆడారు, ఆడి ఆడి విసిగిపోయారు. ఇక చూడాలి, తిట్లే తిట్లు. "అసలు నువ్వు ఆడావా?" "మా టైమంతా తగలేశావ్!" ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆ తెలుగు తిట్లన్నీ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చదువుకున్నాను. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

వాడు తట్టుకోలేక ఇంకో వీడియో పెట్టాడు. "తప్పు నాది కాదు ఫ్రెండ్స్. అండమాన్‌లో మా మరదలుంది, అది చెబితే నమ్మాను." చూశారా, తిట్లు పంచడానికి గుర్తొచ్చింది మరదలు!

ఫెర్రీ ఎక్కి సిగ్నల్ బాగుండే అవతలి గట్టుకు వెళ్ళాను. నా పాత వాయిస్ మెసేజ్‌ని నెట్‌లోకి ఎక్కించి, దాని లింక్ ఆ వీడియో కిందే పెట్టాను. "అవును, నేనే చెప్పాను. మొదటిదీ నేనే చెప్పాను. వినండి" అని నేనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశాను.

విన్నారు. "అక్కా, ఆడింది మీరా! మరి వీడెవడు?" అని ఒకడు రాశాడు. వాడి వెనకే మిగతావాళ్ళు.

బావ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఆఖరికి మెసేజ్ పెట్టాడు. "పరువు పోయిందే. ఆ లింక్ తీసెయ్. నీ పేరు చెప్తాను, నువ్వేం చెప్పమంటే అది చెప్తాను."

నేను చదివినట్టు వాడికి అక్కడ కనబడుతూనే ఉంటుంది. "దీదీ, పెద్ద గేలాలున్నాయా?" అని ఎవరో వస్తే తీసిచ్చాను. టీ తాగాను. ఇంకా ఆలోచించుకుంటున్నాను.

నిలబడనీ.