ఉన్ని టోపీ పట్టుకుని సోలాపూర్‌కి

ఎండతో యుద్ధం, పసిబిడ్డ ప్రాణం, రెండు రాష్ట్రాలు దాటొచ్చిన వీరుడు: ఇతిహాసానికి కావలసిన సరుకంతా ఈ యాత్రలో ఉంది. ఆ వీరుడు నేనే కావడంతో ఇతిహాసం కాలేదు. సోలాపూర్‌లో మా పెదనాన్న కూతురు లావణ్యక్క పుట్టింట ప్రసవించింది. పది రోజుల పాపకు మా అమ్మ ఉన్ని టోపీ అల్లి, ఇచ్చి రమ్మంది. మే నెలలో.

హైదరాబాద్‌లో ఎక్కిన రాత్రి బస్సు పొద్దున ఆరింటికి దించింది. అశోక్ చౌక్‌కి షేర్ ఆటో. అందులో ఒళ్లో బీడీల చాటతో కూర్చున్న ముసలమ్మ టోపీ చూసి, "ఏ ఊరు బిడ్డా? ఆడ మంచు పడ్తదా?" అంది.

ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. మూసేసిన రేకుల గదిలో, ఆపేసిన ఫ్యాన్ కింద, చెవులకు గుడ్డ కట్టుకుని అక్క. బాలింతకు గాలి తగలొద్దు, నీళ్లు ఎక్కువ తాగొద్దు. మా బాపమ్మ, అంటే నాన్నమ్మ, పెట్టిన చట్టం అది. పాప ఒళ్లు వెచ్చగా ఉంది. రాత్రి నుంచి ఉచ్చ పోయలేదు, కింద గుడ్డ పొడిగానే ఉంది.

ఎనిమిదింటికి ఆశా కార్యకర్త వచ్చింది. "తల్లి నీళ్లు తాగాలె, బిడ్డకు పాలే ఇయ్యాలె, ఇద్దర్ని చల్లగుంచుండ్రి. పదింటి దాక గుడ్డ తడవకుంటే ఆటో తెస్త, దవాఖానకు పోదాం," అని వెళ్లింది.

బాపమ్మ తలుపు తియ్యలేదు. నేను సంచి పెట్టడానికి పక్కనున్న మగ్గం గదిలోకి వెళ్లి ఆగిపోయాను. నేల మీద నీళ్లు చల్లి ఉన్నాయి, కిటికీకి తడి గోనెపట్ట.

"ఇక్కడ ఇంత చల్లగుందేంది బాపమ్మా?"

"ఎండకు పోగు తెగుతదిరా. నీళ్లు జల్లకుంటెట్ల?"

గదిలోంచి అక్క అంది: "నేను పోగునైనా కాకపోతి."

యాభై ఏళ్లు నేసిన మనిషికి ఇంకేం చెప్పక్కర్లేదు. బాపమ్మ గోనెపట్ట మీద ఇంకో చెంబు నీళ్లు చల్లింది. "అక్క చాప ఈడ్నే పరువు."

"మరి గాలో?" అన్నాను.

"ఇది మగ్గం గాలి. ఏం గాదు."

అక్క రెండు చెంబులు తాగింది. ఉన్ని టోపీ తడిసి, నీళ్లు చల్లబడాలని సీసాకెక్కింది. పాప ముందు అలిగి, తర్వాత ఆవురావురుమని పాలు తాగింది. పది కావడానికి పావుగంట ఉందనగా నా ఒళ్లో ఉన్న పాప నా ప్యాంటు మీద తీర్పు ఇచ్చింది. బాపమ్మ, బట్ట నాణ్యం చూసే చేత్తో, ప్యాంటు తడిమింది. "మంచిగ తడిసింది," అంది.

చెప్పినట్టే వచ్చిన ఆశా కార్యకర్త పాప ఒళ్లు పట్టి చూసి, ఆటోను వెనక్కి పంపి, "సాయంత్రం మళ్ల చూస్త," అంది.

మధ్యాహ్నం రెండింటి బస్సెక్కుతుంటే అమ్మకని బాపమ్మ మందపాటి చద్దరు ఇచ్చింది. మే నెలలో. మా వంశానికే ఉందీ జబ్బు.

వెళ్లేవాళ్లు రెండో ప్యాంటు మోయకండి. తడిసింది సోలాపూర్ ఎండలో పావుగంటలో ఆరుతుంది.