జిన్నుకు వేసిన కుర్చీ

ఖమరుద్దీన్ సాబ్‌కు ఒకటే పిచ్చి. ఎదుట ఖాళీ కుర్చీ, దాని పక్కన వేడి చాయ్, దాని వెనక తెరిచిన కిటికీ ఉంటే తప్ప ఆర్గన్ మీద వేలు పెట్టడు. కుర్చీ ఎవరికని అడిగితే, "జిన్ను గారికి" అని, వియ్యంకుడు వస్తున్నాడన్నంత మామూలుగా చెప్పేవాడు.

డెబ్బై ఏడులో గల్ఫ్‌లోని బహ్లా దగ్గర రోడ్డు కంపెనీ క్యాంపు. జిన్నుభూతాలకు పేరుమోసిన ఊరు కావడంతో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. శుక్రవారం మధ్యాహ్నాలు క్లబ్బులో దొరలకు కచేరీ. కూలీలకు ప్రవేశం లేదు. కుర్చీ వెయ్యడం, చాయ్ పెట్టడం పెద్దులు అనే కూలీ డ్యూటీ. రెండేసి సిమెంటు బస్తాలు మోసే కరీంనగర్ మనిషి, ఆ కుర్చీని మాత్రం మొహం పక్కకు తిప్పుకుని చేతి చివరతో జరిపేవాడు.

బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఏసీ, మధ్యలో తెరిచిన కిటికీ. దొరలు చెమటలు కక్కుతూ వినేవారు. ఒకాయన పొరపాటున ఆ కుర్చీలో కూర్చున్నాడు. సాబ్ వాయించడం ఆపి, లేచి నిలబడి, "మాఫ్ చెయ్యండి జనాబ్, మీ ఒళ్లో దొరగారు కూర్చున్నారు" అని దొర వెనక ఖాళీలోకి చూస్తూ అన్నాడు. ఆ దొర మళ్లీ ఆ వరసలోకే రాలేదు.

సాబ్ వాయించేది సోల్ జాజ్ అనే అమెరికా సంగీతం. బొంబాయి హోటల్లో ఎవరో నీగ్రో నావికుడు నేర్పాడట. కాళ్లతో కింద బరువైన స్వరం, చేతులతో పైన ప్రార్థన లాంటి పాట. ఆ పాట ఒక ప్రశ్న అడిగి ఆగుతుంది. అప్పుడు ఎక్కడినుంచో రెండు చప్పట్లు వినిపించేవి. చూస్తే ఎవరి చేతులూ కదిలి ఉండవు. కచేరీ అయ్యేసరికి చాయ్ గ్లాసు ఖాళీ. పెద్దులు దాన్ని తువ్వాలుతో పట్టుకుని తీసేవాడు.

అతనికి ఇంటి గుబులు వేరే ఉంది. సైట్‌లో మట్టిపెళ్ల విరిగిపడి, బామ్మర్ది దేవయ్య కళ్లముందే తోటివాడు పోయాడు. రెండు నెలలుగా దేవయ్య నోట మాట లేదు. నెలాఖరుకు మాట్లాడకపోతే ఊరికి పంపేస్తామంది కంపెనీ. "తమ్ముణ్ని నీ చేతిల పెడుతున్న" అన్న భార్య ముత్తవ్వకు ఏమని ఉత్తరం రాయాలో పెద్దులుకు తెలియలేదు.

ఇంతలో కొత్త మేనేజర్ వచ్చాడు. చంకలో క్యాసెట్ ప్లేయర్. జిన్నూ లేదు గిన్నూ లేదని కిటికీ మూయించాడు. వచ్చే వారం నుంచి ఆర్గన్ కూడా అక్కర్లేదన్నాడు.

"సార్, క్యాసెట్ జవాబు కోసం ఆగదు" అని మాత్రం అన్నాడు సాబ్.

వాయించాడు. ప్రశ్న అడిగి ఆగాడు. జవాబు లేదు. మళ్లీ అడిగాడు. లేదు. మూడోసారి చేతులు గాలిలోనే ఉంచి కూర్చున్నాడు. అప్పుడు గోడలోంచి దబ్, దబ్ అని రెండు దెబ్బలు. మేనేజర్ రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్లి చూడమని పెద్దుల్ని తోశాడు.

బయట దుమ్ముగాలి. ఎల్లమ్మ తల్లిని తలుచుకుంటూ పెద్దులు గోడ చుట్టూ వెళ్లాడు. కిటికీ కింద బోర్లించిన బకెట్ మీద, నిలువెల్లా తెల్లటి దుమ్ము కప్పుకున్న ఆకారం ఒకటి మెల్లగా తల తిప్పింది.

"బావా, కిటికీ ఎవడు మూసిండు?"

దేవయ్య. రెండు నెలలకు మొదటి మాట. పెద్దులు అక్కడే ఇసుకలో కూలబడి ఏడుస్తూ నవ్వాడు. ఇక్కడ దాక్కున్న మొదటి శుక్రవారమే సాబ్ తన చప్పట్లు విన్నాడనీ, "ప్రతి శుక్రవారం రా, కిటికీ ఎవ్వరూ మూయకుండా నేను చూసుకుంటా" అన్నాడనీ దేవయ్య ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

పెద్దులు లోపలికి వచ్చి, జీవితంలో మొదటిసారి దొర కళ్లలోకి చూసి, "జిన్నే సార్. కిటికీ తియ్యమంటుంది" అన్నాడు. మేనేజర్ స్వయంగా వెళ్లి తీశాడు. క్యాసెట్ ప్లేయర్ మళ్లీ పెట్టెలోకి పోయింది. సాబ్ నవ్వు దాచుకోవడానికి తల వంచి తర్వాతి ప్రశ్న అందుకున్నాడు.

సాయంత్రం రూమ్‌లో పెద్దులు బామ్మర్దిని ముద్దుగా కసిరాడు. "చాయ్ కూడ నువ్వే తాగి నన్ను సగం సంపినవు గదరా."

"ఏం చాయ్ బావా? కిటికీకి ఇనుపజాలి ఉన్నది. నా చెయ్యెట్ల దూరుతది?"

పెద్దులు పరుగున వెళ్లి సాబ్‌ను అడిగాడు. "ఇన్నాళ్లూ నువ్వే తాగుతున్నావనుకున్నా" అన్నాడు సాబ్.

పై శుక్రవారం నుంచి పెద్దులు రెండు గ్లాసులు పెట్టాడు, బకెట్ దగ్గర ఒకటి, కుర్చీ దగ్గర ఒకటి. రెండూ ఖాళీ అయ్యేవి.