సుల్లా అని మైకులో అన్న మా తమ్ముడు

ఈ రోజు ఆదివారం. నిన్న పొద్దున మా తమ్ముడు రఘు పోయాడు.

అల్వాల్ నుంచి మరదలు సరోజ ఫోన్ చేసి, "వదినా, ఆయన లేస్తలేడు" అంది. "సరిగ్గా చూడు" అని కసిరాను. మళ్లీ చూసి వచ్చి, "ఒళ్లు సల్లగున్నది వదినా" అంది.

గుండెపోటు. ఇంకేమీ కాదు. లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఊహాగానాలు నాకు గిట్టవు.

నివాళి తీరిగ్గా రాయాల్సింది. ఇప్పుడే రాస్తున్నది భయంతో. ఈ పోస్టు మన ఇంటివాళ్లకే కనబడేలా పెట్టాను. షేర్ చేయవద్దు.

రఘు కాలేజీలో హిస్టరీ చెప్పాడు. అబద్ధం ఆడలేడు. ఎదుటివాణ్ణి నొప్పించనూ లేడు.

పోయిన నెల వాళ్ల కాలనీ పార్క్ ఓపెనింగ్‌కి ఏరియా లీడర్ వచ్చాడు. ఎన్నికల్లో తనకు పని చేయనివాళ్ల ఫొటోలతో మోండా మార్కెట్ దగ్గర 'ద్రోహులు' అని ఫ్లెక్సీ కట్టించింది ఆయనే. అందులో ఉన్న ఉల్లిగడ్డల వ్యాపారి కొట్టు ఇంకా తెరుచుకోలేదు.

నాలుగు మాటలు పొగడమని రఘు చేతికి మైకు ఇచ్చారు.

"మన అన్న రోమ్ సేనాపతి సుల్లా లాంటివాడు" అని చెప్పి కూర్చున్నాడు.

చప్పట్లు మోగాయి. వారం తిరక్కుండా చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ. అన్నకు ఇనుప టోపీ, ఎర్ర శాలువా. కింద 'మన సుల్లా'.

సంగతి రఘు నాకు ఫోన్‌లో చెప్పాడు. సుల్లా గొప్ప యోధుడే. కానీ సైన్యాన్ని సొంత నగరం మీదికే నడిపించాడు. గెలిచాక గిట్టనివాళ్ల పేర్లు నడిబజారులో పెట్టించాడు. పేరున్నవాణ్ణి ఎవరైనా చంపవచ్చు.

వాళ్లకు తెలిస్తే ఏం చేస్తావురా అన్నాను.

"చదువుకుంటే మంచిదే గదా అక్కా" అని నవ్వాడు.

నిన్న వాడింకా హాల్లో పడుకునే ఉన్నాడు. అన్న ఫ్లెక్సీల పని చూసే యాదగిరి దండ తెచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. తర్వాత నా పక్కకు వచ్చాడు.

"అమ్మా, సంతాప సభకు అన్న సుత వస్తుండు. గా సుల్లా ముచ్చట జెర ఇవరంగ చెప్పున్రి. మస్తు ఖుష్ అయితడు."

సరేనన్నాను.

ఇంటికొచ్చి ఫోన్ తీస్తే, ఫ్యామిలీ గ్రూపులో నా మనవడు సుల్లా చరిత్రంతా రాశాడు. 'తాతయ్య భలే తిట్టాడు' అని నవ్వు బొమ్మలు. అది ఎక్కడెక్కడికి ఫార్వర్డ్ అయిందో తెలియదు.

సరోజకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఇక ఒక్కతే. రేపటి ఫ్లెక్సీలో ఆమె ఫొటో ఉంటే?

అందుకని, జరగాల్సినవి:

1. ఆ మెసేజ్ ఇప్పుడే తీసేయాలి. ఎవరికి పంపారో నాకు చెప్పాలి. తిట్టను.

2. సభకు ముందే సరోజ సైనిక్‌పురికి, నా దగ్గరకు రావాలి. దినాలు కాకుండా గడప దాటకూడదని ఎవరూ అనవద్దు. కారు ఎవరు తెస్తారు?

3. సభలో మైకు నాకే ఇవ్వాలి. రఘు ఆ రోజు చెప్పని చివరి ముక్క ఒకటుంది. సుల్లా ఒకనాడు తనంతట తానే అధికారం వదిలేశాడు. కాపలావాళ్లను పంపేసి, వీధిలో మామూలు మనిషిలా నడిచి ఇంటికి పోయాడు. అన్న ముఖం చూస్తూ అది మాత్రం చెప్తాను. గొంతు వణుకుతుంది. వణకనీ.

రఘూ, నిశ్చింతగా పడుకోరా. భయపడటానికి నేనున్నాను.