ఎర్రగుట్ట మీద బల్లి డ్యూటీ

దేశాన్ని పదిహేడేళ్లు కాపాడాను. గరిటెతో. ఎనిమిదో తరగతిలో బడి నన్ను వదిలించుకుంటే, సైన్యం వంటశాలలో పెట్టుకుంది. రాజస్థాన్ ఎడారిలోనూ పనిచేశాను గానీ, అక్కడ నేను ఇసుక కంటే గోధుమపిండినే ఎక్కువ చూశాను. ఈ సంగతి సర్వే మేడమ్ అడగలేదు, నేను చెప్పలేదు. ఎడారి ఎరిగిన మాజీ సైనికుడని మెట్టనేలల పాములు, బల్లులు లెక్కబెట్టే పనికి నన్ను పిలిచింది. జీతం లేదు. మధ్యాహ్నం చిత్రాన్నం మాత్రం ఉంది.

పోస్టింగ్ జమ్మలమడుగు అవతల, మైలవరం జలాశయం దాటాక వచ్చే ఎర్రగుట్ట. ప్రొద్దుటూరులో తొలి బస్సెక్కి, ఆటో మారి, ఉదయం ఆరున్నరకు దిగాను. ఏప్రిల్ నెల. గాలి లేదు. ముందురోజు ఎండను బండలు ఇంకా వదల్లేదు. కింద కంపచెట్లు, పైన ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఎర్రటి రాళ్లు. సామాను: చీలమండలు దాటే బూట్లు, పొడుగు కర్ర, రెండు నీళ్ల సీసాలు, టోపీ, జట్టుకొక వాకీటాకీ.

మేడమ్‌ది పులివెందుల. బల్లుల మీద పెద్ద చదువు చదివిన పిల్ల. మొదటిరోజే ఆర్డర్లు ఇచ్చింది.

"సందుల్లో చెయ్యి పెట్టొద్దు. రాయి ఎత్తితే ఎట్లుండిందో అట్లే పెట్టాల. దేన్నీ పట్టుకోవద్దు. టోపీ తియ్యొద్దు. అరవొద్దు."

చివరిది నన్ను చూశాక కలిపిందే.

మా జట్టులో మూడోవాడు గొర్రెల మామ. ఆయన మంద మేసేది ఆ గుట్ట మీదే. గుట్టను కొట్టి కంకర చేస్తామని ఎవరో అర్జీ పెట్టుకున్నారు. కాపాడాల్సిన జీవం అక్కడ ఏదీ లేదని తేలితే అనుమతి వచ్చేస్తుంది. మామ మందకు వేరే మేత లేదు. పోయిన వేసవిలో మేడమ్ అక్కడే ఒక అరుదైన రాతిబల్లిని చూసింది. ఫోటో మసగ్గా వచ్చింది. మసక ఫోటో చెల్లదన్నారు. ఒక్కటంటే ఒక్క మంచి ఫోటో కావాలి. దానికోసమే మామ మందను కొడుక్కి అప్పగించి మా వెంట తిరిగాడు.

వారమంతా గాలించాం. ఒక ఉడుము మమ్మల్ని చూసి, లెక్కలోకి తీసుకోకుండా వెళ్లిపోయింది. గొంతు కింద రంగు తోలు విప్పి చూపించే తొండలు కనబడ్డాయి, ఎన్నికలప్పుడు కొత్త కండువా వేసుకున్నవాడిలా. ఒక పొడపాము కనబడితే నేను వెనక్కి గెంతిన దూరం చూసి మామ మెచ్చుకున్నాడు. రాతిబల్లి మాత్రం లేదు.

చివరిరోజు పదిగంటలకు ఒక చరియ కింద వంగి చూస్తున్నాను. చెమట కళ్లలోకి దిగుతోంది. తుడుచుకుందామని టోపీ తీశాను. తల మీద మెత్తగా ఏదో పడింది.

"మామా, నా నెత్తిన ఏందది?"

మామ మొహం వాడిపోయింది. "బల్లప్పా. కదలాకు."

బల్లి పడితే మావైపు తేలిగ్గా తీసుకోరు. ఏ అంగం మీద పడితే ఏ ఫలితమో పంచాంగంలో అచ్చేసి ఉంటుంది. గుట్టకు అటువైపు తిరుగుతున్న రెండో జట్టులో ఒక పూజారి ఉన్నాడు. పాములంటే సరదా ఆయనకు. మామ నా నడుముకున్న వాకీటాకీ లాక్కున్నాడు.

"సామీ, మగోని తలమీద బల్లి పడితే ఏమైతాది?"

"కలహం," అన్నాడు పూజారి. "బిన్నా, ఆలస్యం చెయ్యకుండా, తలకు పోసుకోమను. దీపం సాయంత్రం పెట్టొచ్చు. ఎవరి మీద పడింది?"

"మిలిటరాయన మీద."

"కలహం ఆయప్పకు కొత్తేం కాదులే. ఓవర్."

మామ అప్పటికే సీసా మూత తీశాడు. అవతలి బండ మీదున్న మేడమ్ తిరిగి చూసింది.

"పొయ్యాకు మామా! అదే! మన బల్లి అదే!"

పోసేశాడు. నా మేలు కోరి, సీసా మొత్తం. ఆ ధారకు బల్లి జారి నా కాలర్ లోపలికి దిగింది. చొక్కాలో నాలుగు కాళ్లు పరుగెత్తాయి. నేను నోరు తెరిచాను.

"సావధాన్!" అంది మేడమ్, కెమెరాతో ఇటు పరుగెత్తుకొస్తూ.

సైన్యంలో ఏ సుబేదారుకూ నేను అంత నిటారుగా నిలబడలేదు. మామ దగ్గరికొచ్చి నా గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు.

"గమ్మునుండప్పా," అన్నాడు చెవిలో. "అది పారిపోతే నా గొర్రెలను యాడికి తోలుకోని పోయేది?"

ఊపిరి కూడా పీల్చలేదు. చొక్కా తెరుచుకుంది. బల్లి నా బనీను మీద, ఎడమవైపు, తల పైకెత్తి ఉంది. కెమెరా టకటకా కొట్టుకుంది. మేడమ్ కళ్లలో నీళ్లు. మామ నన్ను బండకు ఆనించాడు. అది నా భుజమెక్కి, రాతి మీదికి దాటి, సందులోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఫోటో చెల్లింది. అర్జీ మీద విచారణ ఇంకా సాగుతోంది గానీ, గుట్ట మీద సుత్తి పడలేదు. మామ మంద అక్కడే మేస్తోంది. సర్వే పుస్తకంలో ఆ బల్లి అచ్చయింది, దాని వెనక నా చిరుగుల బనీనుతో సహా.

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఒకటే కనిపిస్తుంది. నా గుండె ధన్ ధన్ అంటుంటే, ఆ దెబ్బలకు తానూ కొంచెం కొంచెం ఊగుతూ, ఆ బల్లి తీరిగ్గా నాలుక చాపి తన కన్నును తనే తుడుచుకుంది.

ఆ రాత్రే ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. అంతసేపు నోరు మెదపకుండా నిలబడ్డానని రెండుసార్లు చెప్పాను. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ విన్నది.

"నిజంగానే మాట్లాడలేదా?"

"ఒక్క ముక్క కూడా."

"మరి దాన్ని ఆడే ఇడిసిపెట్టి ఎట్లొచ్చినావు? ఇంటికి తెచ్చింటే పోయేది గదా!"